తొమ్మిది రోజులాడిన సినిమా

ఆ హాలు వెనక సందులోంచి రాత్రి పది దాటాక ఎవరూ నడవరు.

నడవకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. సినిమాహాలు మూతబడి పదకొండేళ్ళయింది. ముందు గేటుకి తాళం, ఆ తాళానికి తుప్పు, లోపల ఎలుకలు. వెనక సందు మాత్రం తిన్నగా బస్సులు ఆగే చోటికి పోతుంది. అటు వెళ్తే ఐదు నిమిషాలు, చుట్టూ తిరిగితే పావుగంట. అయినా సరే, వానలో తడుస్తూనైనా సరే, జనం చుట్టూ తిరిగే పోతారు.

ఎందుకంటే — ఆ గోడలోంచి ఒక ఆడగొంతు వినిపిస్తుందట.

ఏడుపు కాదు. అరుపూ కాదు. మామూలుగా, పక్కగదిలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. మాట తెలియదు. కానీ ఇంకొక్క అడుగు దగ్గరికి వెళ్తే తెలుస్తుందేమో అనిపిస్తుంది. అక్కడే వస్తుంది చిక్కు. మందులషాపులో నైట్ డ్యూటీ చేసే అమ్మాయి అలాగే ఒక్కొక్క అడుగూ వేసి... వేసి... తెల్లారేసరికి గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది. పేపరు వేసేవాడు భుజం తట్టి కదిపితే, వేలు నోటిమీద పెట్టుకుని —

"ఉష్... ఇప్పుడే చెప్పబోతోంది" అందట.

ఆ అమ్మాయి తర్వాత పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లలతో సుఖంగానే ఉంది. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. చెప్తే కథ చప్పబడిపోతుంది కదా.

అలాంటి సందులోకి ఒక ఆదివారం రాత్రి పదకొండు గంటలకి, చేతిలో టార్చితో, భుజాన సంచితో ఒకావిడ నడుచుకుంటూ వచ్చింది.

భయపడుతూ రాలేదు. అలాగని ధైర్యంగానూ రాలేదు. కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళే మనిషి ఎలా వెళ్తుందో అలా వచ్చింది.

ఈ సంగతి చెప్పినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకాయనకి చెవుడు. కాబట్టి కాస్త తగ్గించుకునే వినండి.

ఆవిడని అందరూ రీలక్క అనేవాళ్ళు. వయసు నలభై ఎనిమిది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మైనంలో పళ్ళు గుచ్చడం, చిగుళ్ళకి రంగు కలపడం, అరగదీసి మెరుగు పెట్టడం. ఆవిడ చేసిన సెట్టు పెట్టుకుంటే ఎవరి నవ్వు వాళ్ళకి తిరిగొచ్చేదని పేరు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. కోపం వచ్చి కాదు. నవ్వు రాక.

ఏడేళ్ళుగా ఆవిడ ఒక సినిమా కోసం తిరుగుతోంది. పేరు చెప్పినా మీకు తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళ కింద వచ్చి, తొమ్మిది రోజులాడి పోయింది. తీసిన దర్శకుడు ఆ ఒక్కటే తీసి కన్నుమూశాడు. అందులో వేసిన హీరోయిన్ మళ్ళీ తెరమీద కనపడలేదు. అలాంటి సినిమాని వెతికి, బాగుచేయించి, మళ్ళీ హాల్లో ఆడించాలని ఆవిడ పట్టుదల.

ఒక సంఘం పెట్టింది. మొదటి ఏడాది అందులో సభ్యులు ముగ్గురు. ఒకరు ఆవిడ, ఒకరు ఆవిడ భర్త, మూడోవాడు దారితప్పి వచ్చి మొహమాటానికి సంతకం పెట్టినవాడు. కానీ వారానికి నాలుగు ఉత్తరాలు రాసేది. పాత పేపర్లలో వచ్చిన రెండు సమీక్షలు వెతికి పట్టుకుని ఫోన్లలో తిప్పింది. ఐదో ఏడు వచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు నాలుగు వేలమంది "మాకూ ఆ సినిమా చూడాలనుంది" అని సంతకాలు పెట్టారు. నిర్మాత కొడుకు విసిగిపోయి ఒక కాగితం రాసిచ్చాడు — "ప్రింటంటూ దొరికితే మీ ఇష్టం. నా దగ్గర మాత్రం డబ్బా మూత కూడా లేదు" అని.

ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది — ఫొటోగ్రఫీ అద్భుతం, కథనం కాలానికి ముందుంది, డైలాగులు ప్రాణం. గడగడా చెప్పేది. వినేవాళ్ళకి ఆ సినిమా ఆవిడ పాతికసార్లు చూసినట్టుండేది.

నిజమేమిటంటే... ఆవిడ ఆ సినిమా ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ హీరోయిన్‌కి గొంతు అరువిచ్చింది రీలక్క సొంత అక్క. అప్పుడామెకి ఇరవై నాలుగు. డబ్బింగు చెప్పడం అదే మొదలు. టైటిళ్ళలో పేరు వేయలేదు. "వేయకపోతే ఏం, వింటారుగా" అందట నవ్వుతూ. సినిమా విడుదలైన రోజే జ్వరం తగిలింది. "తగ్గాక ఇద్దరం కలిసి వెళ్దాంలే, ఎక్కడికి పోతుంది" అంది. తొమ్మిదో రోజున సినిమా ఎత్తేశారు. పన్నెండో రోజున అక్క పోయింది.

ఇంట్లో అక్క గొంతున్న క్యాసెట్టు ఒకే ఒక్కటి ఉండేది. దాని మీద చెల్లెలే, ఆ జ్వరం రోజుల్లోనే, తెలియక రేడియోలో పాటలు ఎక్కించేసింది.

అక్కని తీసుకెళ్ళిన రోజు చెల్లెలు ఏడవలేదు. షాకులో ఉంది, రేపు ఏడుస్తుందిలే అన్నారు. రేపు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళయినా రాలేదు. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, కొడుక్కి ఉద్యోగమొచ్చింది — అన్నిటికీ హాజరు వేయించుకున్న మనిషిలా ఉండేది.

కొన్నాళ్ళకి ఇంకోటి కూడా జరిగింది. అక్క గొంతు ఎలా ఉండేదో మర్చిపోయింది. మొహం గుర్తుంది, జడ గుర్తుంది, చెప్పుల సైజు గుర్తుంది. గొంతు దగ్గరికొచ్చేసరికి... ఖాళీ.

ఆ మూతబడిన హాల్లో ఒకప్పుడు సినిమా వేసే మిషన్ నడిపిన ముసలాయన్ని అందరూ ఆపరేటర్ బాబాయ్ అనేవాళ్ళు. ఎవరో ఫోన్లో చూపిస్తే సంగతి తెలిసి, ఆయనే కబురు చేశాడు. ఆ సినిమా ప్రింటు ఒకటి మిషన్‌గదిలో పడి ఉంది, పద్నాలుగు డబ్బాలు. సోమవారం నుంచి హాలు కూలగొడుతున్నారు. ఇప్పటికే పగలంతా ఆ పనివాళ్ళే ఉంటున్నారు, డబ్బా తీసుకోనివ్వరు. ఆదివారం రాత్రి వస్తే తలుపు తీస్తాను — అని.

బయల్దేరుతుంటే భర్త చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ వస్తా. ఆ సందు మంచిది కాదంటున్నారు."

"దెయ్యముంటే మీరేం చేస్తారు?"

"నువ్వు దాన్నేం చేస్తావో అని, దాని కోసం వస్తున్నా."

ఆవిడ నవ్వుతుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. పెళ్ళయిన కొత్త నుంచీ అలాగే ఆగేవాడు. ఆవిడ టార్చి బ్యాటరీలు సరిచూసుకుని ఒక్కతే వెళ్ళిపోయింది.

సందు సగం నడిచింది.

వినిపించింది.

ఎత్తునుంచి, గోడలోంచి... సన్నగా. ఆగి... మళ్ళీ. ఏదో అంటున్నట్టు, అంటూ అంటూ మాట మింగేస్తున్నట్టు.

ఆవిడ నిలబడిపోయింది. టార్చి ఆర్పేసింది. చెవులు రిక్కించి వింది. ఆడగొంతే. అందులో అనుమానం లేదు. కానీ ఆవిడ ప్రశ్న దెయ్యమా కాదా అని కాదు —

ఇది అక్క గొంతేనా?

తెలియలేదు. ఎంత విన్నా తెలియలేదు. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. ఒళ్ళు జలదరించాల్సింది, జలదరించలేదు. సొంత అక్క పిలుస్తున్నా గుర్తుపట్టలేని దాన్నయిపోయానా అన్న ఆలోచన మాత్రం, గాజుకి అవతల వాన పడుతున్నట్టు, కనపడుతోంది గానీ తడపడం లేదు.

చెయ్యి గోడకి తగిలింది...

పక్కనే ధడేలుమని తలుపు తెరుచుకుంది.

"వచ్చావామ్మా!" అని ఒక కేక.

ఆపరేటర్ బాబాయ్. బక్కపలచటి మనిషి, చెవులమీద తెల్లటి వెంట్రుకలు. నలభై ఏళ్ళు మిషన్ పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడు. ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినపడుతుంది.

"బాబాయ్ గారూ... ఆ గొంతు..."

"ఏంటి?"

ఆవిడ గోడవైపు చూపించింది.

"ఓ, అదా! మిషన్‌గదిలో పాత ఎగ్జాస్టు ఫ్యాను. రెక్క వంకరపోయింది. గాలి తోలినప్పుడల్లా మూలుగుతుంది. నాకు వినపడదు గానీ, విన్నవాళ్ళంతా ఆడగొంతంటారు. నేనే ఎవరికీ చెప్పలేదు. చెప్తే సందులోకి వచ్చి గోడ పాడుచేస్తారు."

పైకి తీసుకెళ్ళి, ఫ్యాను రెక్కల మధ్య కర్ర దోపాడు. మూలుగు ఆగిపోయింది.

ఊరంతటినీ పదకొండేళ్ళు చుట్టూ తిప్పిన దెయ్యం — అంతే.

మిషన్‌గదిలో డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. పద్నాలుగూ ఉన్నాయి. సంచిలోంచి గుడ్డలు తీసి చుట్టబోతుంటే, బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కసారి తిప్పి చూసుకో. మూత మీద పేరొకటి, లోపల బొమ్మ ఇంకొకటి — నా సర్వీసులో ఎన్ని చూశాను! తీరా మోసుకుపోయాక వేరే సినిమా అయితే?"

సినిమాలు బాగుచేసే చోట సౌండు ఇంజనీరు ఆవిడకి వందసార్లు చెప్పి ఉన్నాడు. పాత ప్రింటు దొరికితే మిషన్ మీద మాత్రం ఎక్కించకండి మేడమ్, పెళుసుబారి ఉంటుంది, తెగితే ఆ ముక్క ఇంక ఉండదు — అని. ఆవిడ కూడా సంఘంవాళ్ళకి అదే పాఠం చెప్పేది.

మూత మీద పేరు నిజమో కాదో చూసుకోవడానికి మొదటి రీలు కొస పట్టి, దీపానికి ఎత్తి చూస్తే చాలు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఆయనకీ తెలుసు.

"ఎక్కించండి" అంది.

"ఆఁ?"

"ఎక్కించండి!"

కింద హాల్లో కుర్చీలు చాలావరకు పీకేశారు. మిగిలినవాటిలో ఒకటి దులుపుకుని కూర్చుంది. చుట్టూ చీకటి, తడిసిన గోనెసంచి వాసన. తలమీదుగా వెలుగు సాగి, తెరమీద పడింది. తెరకి ఒక మూల చిరుగు.

కూలగొట్టేవాళ్ళు లాగిన కరెంటు మీద, రెండు మిషన్లలో ఒకటే పనిచేస్తోంది. అందుకని పది నిమిషాలకోసారి రీలు అయిపోవడం, అంతా చీకటవడం, పైన బాబాయ్ దగ్గు, డబ్బా చప్పుడు, మళ్ళీ వెలుగు.

మొదటి రీల్లో హీరోయిన్ లేదు.

రెండో రీల్లో, ఇంటి మెట్లమీద నిలబడి, ఆ అమ్మాయి వెనక్కి తిరిగి పెదవి విప్పింది.

"ఎవరు కావాలండీ?"

అక్క.

మర్చిపోయాననుకున్న గొంతు — గుర్తుపట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు. కొంచెం బొంగురు. మాట మొదలుపెట్టే ముందు చిన్న ఊపిరి. 'వెళ్తాను' అనేటప్పుడు 'ళ్' దగ్గర నాలుక తడబడటం... చిన్నప్పుడు దాని గురించి తను అక్కని ఎంత ఏడిపించేదో!

ఇప్పుడు ఏడుపొస్తుంది అనుకుని కాసుకు కూర్చుంది. రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలా వింటూ ఉండిపోయింది. ప్రతి ఊపిరీ వింది. ఎక్కడ ఆగిందో, ఎక్కడ నవ్వు ఆపుకుందో, అన్నీ. డైలాగు పుస్తకం ఆవిడకి నోటికొచ్చు. దర్శకుడి ట్రంకుపెట్టెలో దొరికిన దాన్ని నకలు తీయించుకుని ఏడేళ్ళుగా చదువుతోంది. అందులో ఉన్న మాటలే వస్తున్నాయి, ఒక్కటీ తప్పకుండా.

తొమ్మిదో రీలు మధ్యలో... టప్పుమంది. ఫిల్ము తెగింది. ఒక్కసారిగా చీకటి.

తెరమీద బొమ్మ లేదు. కానీ —

"...అంతే కదా, ఇంకేం లేదు" అని గొంతు ఆ వాక్యం పూర్తిచేసి, ఆగింది.

సౌండు కాస్త వెనకబడి వస్తున్నట్టుంది, అనుకుంది. పాత మిషన్ కదా.

చివరి రీల్లో ప్లాట్‌ఫారం. హీరోయిన్ మనకి వీపు పెట్టి, రైలుపెట్టెల పక్కనుంచి నడుచుకుంటూ పోతుంది. ఆ సీనులో మాటలు లేవు. పోతూ పోతూ చిన్నదైపోయింది. తెల్లటి తెర. అయిపోయింది.

పైనుంచి బాబాయ్ అరిచాడు — "ఏమ్మా, అదేనా?"

"అదే" అంది.

డబ్బాలు బాగుచేసే చోటికి చేర్చిన మూడో వారంలో సౌండు ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. తొమ్మిదో రీల్లో ఒక్కచోట తెగింది, ఆ తెగడం కొత్తది..."

"నేనే తెంపాను. మిషన్ మీద వేసి చూశాను."



"సరే, అది అతికిస్తాం. కానీ మేడమ్... మీరోసారి రావాలి."

వెళ్ళింది. ఇంజనీరు ఫిల్ము ముక్కని వెలుగు బల్ల మీద పరిచి, భూతద్దం చేతికిచ్చాడు.

"ఈ అంచున చూడండి. సౌండు ఉంటే ఇక్కడ సన్నగా గీతలు వణుకుతూ ఉంటాయి. కనపడుతున్నాయా?"

అంచు ఖాళీగా ఉంది. నున్నగా, ఆవిడ మెరుగు పెట్టిన పన్నులా ఉంది.

"అరిగిపోయిందా?"

"అరగలేదు. అసలెప్పుడూ లేదు. ఇది డబ్బింగు చెప్పకముందు తీసిన ప్రింటు. ఎవరికో బొమ్మ వరకు చూపించడానికి తెచ్చి, హాల్లో వదిలేసి ఉంటారు. పద్నాలుగు రీళ్ళూ మూగవే మేడమ్."

ఆవిడ భూతద్దం కింద పెట్టింది. బయటికొచ్చి, మెట్లమీద నిలబడి ఆపరేటర్ బాబాయ్‌కి ఫోన్ చేసింది. మూడుసార్లు అరిచి చెప్పాక ఆయనకి ప్రశ్న అర్థమైంది.

"సౌండెక్కడిదమ్మా! స్పీకర్లు పదేళ్ళ కిందటే పీక్కుపోయారుగా. నువ్వు బొమ్మ సరిచూసుకుంటున్నావనుకున్నా... ఏం, సౌండు కావాల్సిందా?"

అప్పుడు ఆవిడకి ఇంకో సంగతి తట్టింది. ఆ సినిమాలో హీరో గొంతు ఎలా ఉంది?... తెలియదు. పాటలు?... వినలేదు. ప్లాట్‌ఫారం మీద రైలు కూత, జనం గోల, అడుగుల చప్పుడు?... లేవు. రెండుగంటల పైన ఆ చీకట్లో ఆవిడ విన్నది ఒక్క గొంతే. అప్పుడది వింతగా అనిపించనేలేదు.

రాత్రి భర్తతో చెప్పింది. ఆయన కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. ఏది చెప్పినా ముందు తుడిచి చూస్తాడు.

"ఏడేళ్ళుగా ఆ మాటలు బట్టీపట్టావు. పెదాలు కదిలేసరికి నీ బుర్రే చెప్పేసింది. అంతే."

"అంతే అయ్యుంటుంది."

"భయం వేసిందా?"

"లేదు."

"సంతోషమో, బాధో..."

"లేదండీ" అంది. పప్పు నానబెట్టావా అని అడిగితే జవాబు చెప్పినంత మామూలుగా.

ఆయన దుప్పటి ఆవిడ పాదాలమీదికి లాగి, దీపం ఆర్పాడు.

సంఘం వాళ్ళు కూర్చుని ఆలోచించారు. డైలాగు పుస్తకం ఉంది. పాటలు రికార్డులమీద ఉన్నాయి. మిగతావన్నీ కొత్తగా చెప్పిద్దాం అన్నారు. అందరూ ఆవిడ మొహం చూశారు. ఆ మూడో సభ్యుడు, మొహమాటానికి సంతకం పెట్టినాయన, మెల్లగా అడిగాడు — "మీకిష్టమేనా అక్కా?"

అక్క గొంతు కోసం మొదలుపెట్టిన పని. ఆ గొంతు ఇంక లేదని తేలిపోయింది. ఇక ఇష్టానిష్టాలేముంటాయి? నాలుగువేల మందికి మాటిచ్చింది. "కానివ్వండి" అంది.

హీరోయిన్‌కి చెప్పడానికి ఒక డబ్బింగు అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయి. గలగలా మాట్లాడే పిల్ల. స్టూడియోలో మైకు ముందు నిలబడేసరికి మాత్రం కుదురు. రీలక్క పదకొండు రోజులు సెలవు పెట్టి, ఆ గాజుగదిలో పక్కనే కూర్చుంది.

"ఇక్కడ మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఊపిరి."

"ఇక్కడ నవ్వు వస్తోంది గానీ ఆపుకుంటోంది."

"ఈ 'వెళ్తాను' దగ్గర నాలుక కొంచెం తడబడాలి."

"తడబడితే తప్పు చెప్పాననుకుంటారక్కా!"

"అనుకోనీ."

ఐదోరోజు ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, మెల్లగా అడిగింది.

"మీకివన్నీ ఎలా తెలుసక్కా? ప్రింటులో సౌండే లేదంటున్నారు."

"విన్నాను."

"ఎక్కడ?"

రీలక్క చెప్పింది. సందు, ఫ్యాను, రీళ్ళు, అక్క, జ్వరం, క్యాసెట్టు — వరసగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. డబ్బింగు అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "సారీ అక్కా" అంది. ఆవిడ సంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది.

"తుడుచుకుని రా. ఆరో రీలు మిగిలిపోయింది."

సినిమా మళ్ళీ విడుదలైంది. ఒక్క హాల్లో, వారం రోజులకి. మొదటిరోజు సాయంత్రం ఆట నిండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు జనం. ఆపరేటర్ బాబాయ్ ముందు వరసలో కూర్చుని "బొమ్మ బాగుంది!" అని హాలంతటికీ వినపడేలా గొణిగాడు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రీలక్కని ముందుకి తోశారు. ఆవిడ దణ్ణం పెట్టి, పక్కకి తప్పుకుంది.

ఆటంతా ఆవిడ వింటూనే ఉంది. మొదటినుంచి చివరిదాకా డబ్బింగు అమ్మాయి గొంతే. చక్కగా చెప్పింది. అంతే. లోపల ఏమైనా కదిలిందా అని వెతుక్కుంటే... లేదు. ఏడేళ్ళ పని అయిపోయింది. రేపు ల్యాబులో రెండు సెట్లు ఇవ్వాలి.

జనం వెళ్ళిపోతుంటే మెట్ల దగ్గర ఎవరో చెయ్యి పట్టుకున్నారు. డబ్బింగు అమ్మాయి. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, ఒక మాట అడుగుతా. కోప్పడకండి."

"చెప్పు."

"నేను చెప్పింది నచ్చకపోతే ముందే అనాల్సింది. ఇలా తీసేసి..."

"ఏది తీసేశాం?"

"మెట్లమీద సీను నుంచి గొంతు నాది కాదు కదక్కా. వేరే ఎవరో చెప్పారు. నాకంటే బాగా చెప్పారు, కాదనను. కానీ నాకు ఒక్కమాట చెప్పుండాల్సింది..."

రీలక్క ఆ పిల్ల మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

పక్కనే ఉన్న ఇంజనీరుని పిలిచింది. ఆయన ఒట్టేసి చెప్పాడు. "ఒక్క అక్షరం కూడా మార్చలేదమ్మా. అంతా నీ గొంతే. ఇప్పుడే ఈ చెవులతో విన్నాను."

డబ్బింగు అమ్మాయి ఆయనవంక, ఆవిడవంక మార్చి మార్చి చూసింది.

"మీకు... వినపడలేదా?"

"లేదు" అంది రీలక్క.

లోపల రెండో ఆటకి గంట మోగింది. భర్త దూరంగా స్కూటర్ దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆవిడ ఆయనకి చెయ్యి ఊపి, ఇంకాసేపు అన్నట్టు సైగ చేసి, ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"పద."

"నాకు భయంగా ఉందక్కా."

"నేనున్నానుగా."

రెండో ఆటకి జనం పలచగా ఉన్నారు. వెనక వరసలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. దీపాలారాయి. మెట్లమీద హీరోయిన్ వెనక్కి తిరిగి పెదవి విప్పగానే, ఆ పిల్ల చెయ్యి మంచుగడ్డలా చల్లబడింది.

"ఇదిగో... ఇదేనక్కా..." అంది గుసగుసగా.

రీలక్క చెవులు రిక్కించింది. ఆ అమ్మాయి గొంతే వినిపిస్తోంది. తను నేర్పిన ఊపిరి, తను నేర్పిన తడబాటు. ఎంత విన్నా అదే.

అలాగే కూర్చున్నారు. పిల్ల వణుకుతూ వింటోంది. ఆవిడ పక్కన కూర్చుని, ఆ వణుకుని చేత్తో పట్టుకుని, దాన్నే వింటోంది.

చివరి రీలు. ప్లాట్‌ఫారం. హీరోయిన్ వీపు మనవైపు. నడుస్తోంది.

ఇక్కడ మాటలు లేవు. పుస్తకంలో ఈ పేజీ ఖాళీ. డబ్బింగులోనూ ఖాళీగానే వదిలారు. రైలు చప్పుడొకటే.

డబ్బింగు అమ్మాయి ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది.

"ఏమైంది?"

"మాట్లాడుతోందక్కా..."

"ఏమంటోంది?"

ఆ పిల్ల మైకు ముందు నిలబడినప్పటిలాగే కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, శ్రద్ధగా వింది. విని, రీలక్క చెవి దగ్గరికి వంగింది.

"తిన్నావా... అంటోంది."

తెరమీద ఆ వీపు చిన్నదవుతోంది... ఇంకా చిన్నదవుతోంది...

రీలక్క గొంతు సవరించుకుంది. సరిగ్గా రాలేదు. మళ్ళీ సవరించుకుంది. చెంపలు ఎప్పుడు తడిశాయో ఆవిడకి తెలియదు.

"తిన్నానని చెప్పు" అంది.